బీదర్ ప్రయాణంలో పోయిన అమానతు

జహీరాబాదు నుండి బీదర్ పట్టణం సుమారు 30 కిలోమీటర్లు. చెరకు తోటలు, కంది చేలు దాటి, ఎర్రమట్టి నేలల మీదుగా బస్సు సాగిపోతుంది. మరికొంత దూరం వెళ్ళగానే ఎర్రరాతి బురుజులు కానవస్తాయి. బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ గుల్బర్గా నుండి తన రాజధానిని ఈ మెరక ప్రదేశానికే తరలించాడు. నేడు కర్ణాటకలో ఉన్నప్పటికీ 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగమే. అందుకే అక్కడి బజారులో దక్కనీ, కన్నడం, మరాఠీ, తెలుగు నాలుగు భాషలూ వినిపిస్తాయి.

మదర్సాలో చదివే ప్రతి విద్యార్థీ జీవితంలో ఒక్కసారైనా బీదర్ చూడాలన్నది మా అభిప్రాయం. దక్కనులో విద్య ఎంత ఘనమైన నీడలో వర్ధిల్లిందో తెలియజెప్పే ఖ్వాజా మహమూద్ గవాన్ మదర్సా అక్కడే ఉంది. ఆ ఉద్దేశ్యంతోనే గత జనవరిలో పై తరగతికి చెందిన తొమ్మిదిమంది పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరాము.

ఊరి నడుమ చౌబారా అనే గుండ్రని బురుజు ఉంది. దాని ఎత్తు సుమారు 71 అడుగులు. నాలుగు దారులూ కలిసే ఆ కూడలిలో అప్పటికే జనసమ్మర్దం ఎక్కువగా ఉంది. అక్కడి నుండి నాలుగడుగులు వేశామో లేదో, మా జుబ్బా జేబులోని మొబైల్ ఫోను కనిపించలేదు. పడిపోయిందో, ఎవరైనా తీశారో అల్లాహ్‌కే తెలుసు. "ఇన్నా లిల్లాహ్" అనుకున్నాము. వచ్చిన దారినే రెండుసార్లు వెదికాము. పక్కనే ఉన్న బిద్రీ దుకాణదారు మమ్మల్ని గమనించి, "మౌలానా సాబ్, ఇదిగో నా ఫోను, మీ నంబరుకు చేయండి" అని అందించాడు. రెండుసార్లు మోగింది. మూడవసారి ఆగిపోయింది.

ఫోను వెల పెద్దదేమీ కాదు. కాని అందులో ఒక అమానతు ఉంది. పరమపదించిన మా ఉస్తాద్ గారు తమ చివరి రెండేళ్ళలో చెప్పిన మిష్కాత్ పాఠాలు వారి స్వరంతోనే అందులో ఉన్నాయి. మేము వినటానికి మాత్రమే అనుమతించి, ఎవరికీ పంపరాదని వారు షరతు పెట్టారు. ఆ షరతును పాటించాము గనుక వేరెక్కడా ప్రతి లేదు. ఫజ్ర్ తర్వాత ఆ స్వరం వింటూ పాఠానికి సిద్ధమవటం మాకు ఏళ్ళుగా అలవాటు.

పిల్లల్లో చిన్నవాడు ఒక ఉపాయం చెప్పాడు. "హజ్రత్, ఎదురుగా మస్జిదు ఉంది కదా, మైకులో చెప్పిద్దాం." పోయిన వస్తువును గురించి మస్జిదులో ప్రకటన చేయటాన్ని దైవప్రవక్త (స) వారించారన్న సంగతి వాడికి గుర్తుచేశాము. మస్జిదు అల్లాహ్ ఆరాధన కోసం కట్టినది. మన వస్తువుల వెతుకులాటకు దానిని వేదిక చేసుకోరాదు. అందుచేత జుహ్ర్ అనంతరం గేటు వెలుపల నిలబడి, బయటకు వచ్చేవారికి చెప్పుకోవాలని నిశ్చయించుకున్నాము.

ఈలోగా అత్యవసరమైన పనులున్నాయి. మదర్సాకు, ఇంటికి, పిల్లల తల్లిదండ్రులకు తెలియజేయాలి. నంబర్లన్నీ పోయిన ఫోనులోనే ఉన్నాయి. అప్పుడు పిల్లలే మాకు నంబర్ల పుస్తకమయ్యారు. మా వసతి గృహంలో పిల్లల వద్ద ఫోన్లుండవు. శుక్రవారం నాడు ఉపాధ్యాయుల ఫోను నుండే అమ్మానాన్నలతో మాట్లాడతారు. కనుక ప్రతివాడికీ తన ఇంటి నంబరు కంఠస్థమే. ఒక హాఫిజ్ బాలుడైతే తోటివారి ఇళ్ళ నంబర్లు కూడా తడుముకోకుండా అప్పజెప్పాడు. వాళ్ళ ద్వారానే మదర్సాకు కబురు చేరింది: "ఆ నంబరు నుండి ఎవరు డబ్బు అడిగినా, ఏ సందేశం వచ్చినా అది మాది కాదు."

ఈ కబురు ఎంత ముఖ్యమో మరో గంటలో ఆ కట్టడమే మాకు బోధించింది.

మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వర్తకుడిగా వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో ఈ మదర్సా కట్టించాడు. మూడంతస్తులు, నీలి, పచ్చ, పసుపు రంగుల పలకల తాపడం, దాదాపు 40 మీటర్ల ఎత్తున్న మీనారు ఇప్పటికీ చూపరులను నిలబెట్టేస్తాయి. రెండవ మీనారు, ముందుభాగం లేవు. ఔరంగజేబు కాలంలో జరిగిన మందుగుండు ప్రేలుడులో అవి కూలిపోయాయి. ఇక్కడి గ్రంథాలయంలో 3000 వ్రాతప్రతులు ఉండేవని చెబుతారు. నేడు ఆ గదుల్లో ఒక్క పుటైనా లేదు.

గవాన్ గొప్ప లేఖకుడు. ఆయన ఉత్తరాల సంకలనం 'రియాజుల్ ఇన్షా' నేటికీ పండితులకు సుపరిచితం. అటువంటి వ్యక్తి ప్రాణం తీసినది ఒక దొంగ ఉత్తరం! శత్రువులు ఆయన ముద్రను భద్రపరిచే సేవకుణ్ణి లోబరచుకొని, ఖాళీ కాగితంపై ముద్ర వేయించుకున్నారు. ఒడిశా రాజును దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్లు దానిపై రాసి సుల్తానుకు చూపించారు. ముద్ర తనదేనని, రాత మాత్రం తనది కాదని గవాన్ విన్నవించుకున్నట్లు చరిత్రకారుడు ఫిరిష్తా గ్రంథస్థం చేశాడు. విచారణ లేకుండానే మూడవ ముహమ్మద్ షా మరణదండన విధించాడు. అది 1481 ఏప్రిల్ 5.

పిల్లలకు ఈ వృత్తాంతం చెబుతున్నప్పుడు వారిలో ఒకడు, "మరి మీ ముద్ర కూడా ఇప్పుడు ఎవరి చేతిలోనో ఉంది కదా, హజ్రత్!" అన్నాడు. నిజమే. నేడు మన పేరు, మన డబ్బు, మన మాట అన్నిటికీ ముద్ర ఆ చిన్న యంత్రంలోనే ఉంది. కనుక ఫోను పోగొట్టుకున్న ఏ కుటుంబమైనా దుఃఖించటానికి ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. సిమ్ సంస్థకు ఫోను చేసి నంబరును నిలిపివేయించాలి. బ్యాంకుకు తెలిపి యూపీఐ సేవలను ఆపించాలి. డబ్బు పోయినట్లు తెలిస్తే వెంటనే 1930కి చెప్పాలి. పోలీసు ఫిర్యాదు ప్రతితో కేంద్ర ప్రభుత్వపు 'సంచార్ సాథీ' వెబ్‌సైటులో నమోదు చేస్తే ఆ ఫోను ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా అడ్డుకుంటారు. అందుకు 15 అంకెల ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# నొక్కితే అది తెరపై కనబడుతుంది. దానిని ఇంట్లో ఒక కాగితంపై రాసి ఉంచుకోవటం మేలు. ఆ నంబరు మాకు పెట్టె మీదనే దొరికింది.

ఆనాడు మరో అవసరం కూడా ఎదురైంది. గడియారం ఉంది గాని, నమాజు వేళల పట్టిక ఫోనుతోనే పోయింది. పిల్లలు ఫిఖహ్ పాఠంలో చదువుకున్నదానిని బయటకు తీశారు. మదర్సా ఆవరణలో సమతలమైన చోట మూరెడు కర్ర నిలబెట్టి, మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలిచారు. ఆ జనవరి ఎండలో అది కర్ర పొడవులో ముప్పాతిక వంతుకు పైగా ఉంది. ఆ కొలతను దారంతో ముడివేసి జాగ్రత్తపరిచారు. సాయంత్రం కోటలో, సోలా ఖంబా మస్జిదు దగ్గర అదే కర్రను మళ్ళీ నిలబెట్టారు. నీడ కర్రకు రెండింతలై, దానిపై దారం కొలత కూడా కలిసిన ఘడియే హనఫీ మతానుసారం అస్ర్ వేళ. "అయింది" అని వాళ్ళు అన్న కొద్దిసేపటికే ఊరి వైపు నుండి అజాన్ వినవచ్చింది. ఏళ్ళుగా వల్లెవేసిన వాక్యం కళ్ళ ముందు నిజం కావటం చూసి ఆ పిల్లల ముఖాలు వెలిగిపోయాయి.

ఫోను దొరకలేదు. దొరికినవారిని ఉద్దేశించి ఒక మాట. ఎవరిదో వస్తువు దొరికితే దాని సంచినీ, సంచి కట్టిన త్రాడునూ గుర్తుపెట్టుకొని, ఒక సంవత్సరం పాటు ప్రకటించాలని దైవప్రవక్త (స) బోధించారు. యజమాని వచ్చి ఆనవాలు చెప్పినప్పుడు అప్పగించాలి. మోగుతున్న ఫోనును ఆపివేయటం యజమాని పిలుపును త్రోసిపుచ్చటమే. ఒక్కసారి ఎత్తి "ఇక్కడుంది" అంటే చాలు. మన పిల్లలకు ఈ మర్యాద ఇంటిలోనే నేర్పాలి.

తిరిగివచ్చాక కొత్త సిమ్, కొత్త ఫోను వచ్చాయి. స్వరం మాత్రం రాలేదు. ఉస్తాద్ గారి వద్ద మాతోపాటు చదివినవారిలో ఆరుగురి చిరునామాలు పాత నోటుపుస్తకంలో దొరికాయి. "మీకు జ్ఞాపకమున్న పాఠం రాసి పంపండి" అని పోస్టుకార్డులు వేశాము. నలుగురు జవాబిచ్చారు. కర్నూలు నుండి వచ్చిన ఉత్తరంలో ఇలా ఉంది: పోయిన వస్తువుల అధ్యాయం చెప్పే రోజున ఉస్తాద్ గారు తమ రుమాలు కొసలో ఒక రూపాయి బిళ్ళ కట్టి, "ముడి ఎటువంటిదో బాగా చూసుకోండి" అంటూ తరగతి అంతా తిప్పారట. ఆ రోజు మేము జ్వరంతో తరగతికి వెళ్ళలేదు. మా ఫోనులో ఎన్నడూ లేని పాఠమది. దానిని నోటుపుస్తకంలో మొదటి పుటలో రాసుకున్నాము. ఇప్పటికి 11 పుటలయ్యాయి. పిల్లలు వంతులవారీగా ప్రతులు రాస్తున్నారు.