కారు ప్లగ్గు, దాని యెడము

మన యిండ్లకు కార్లు వచ్చిన పిదప చక్రములకు గాలి చూచుట, ఇంజను నూనె మార్పించుట మన కలవాటైనవి. స్పార్కు ప్లగ్గుమాట వచ్చినప్పుడు మాత్రము "అది మెకానిక్కు చూచుకొనును" అని యూరకుందుము. వ్రేలెడు పొడవులేని యా వస్తువును గూర్చి సోదరీమణులకు కొంత చెప్పవలెనని మాకు చాల నాళ్లుగా నున్నది.

సిలిండరులో పెట్రోలు ఆవిరియు గాలియు గలిసి యొత్తబడి యుండగా, ప్లగ్గు కొనయందలి రెండు లోహపు మొనల నడుమ నిప్పురవ్వ దుమికి వానిని రగిల్చును. ఆ మొనల నడిమి యెడమునే గ్యాపు అందురు. అది మఱీ తక్కువైనచో రవ్వ చిన్నదై మంట సరిగా నంటదు. ఎక్కువైనచో రవ్వ దుముకలేక తప్పిపోవును. అప్పుడు బండి మిస్సు కొట్టును. వాడుకొలది మొనలరిగి యెడము దానంతటదియే పెరుగును గూడ.

మాది గురజాల. ఇంట నున్నది కార్బురేటరు గల పాత మారుతి 800. మూడు సిలిండరులు, మూడు ప్లగ్గులు. మా కోడలికి తొమ్మిదవ నెల వచ్చెను. కాన్పునకు నరసరావుపేట పోవలెను. క్రొత్త ప్లగ్గులు వేయించి వారమైనను కాలేదు, పిడుగురాళ్ల దారిలో లారీని దాటబోయినప్పుడెల్ల బండి కుదుపులిచ్చుచుండెను. "అత్తయ్యగారూ, అర్ధరాత్రి నొప్పులు వచ్చినచో ఈ బండిలోనేనా మనము పోవుట?" అని యామె యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

మఱునాడు తెల్లవారగనే, ఇంజను చల్లగా నున్నప్పుడు, బండితో వచ్చిన పుస్తకము ముందిడుకొని ప్లగ్గు లూడదీసితిమి. పుస్తకములో గ్యాపు 0.7 మొదలు 0.8 మి.మీ. వఱకు అని యున్నది. ఫీలరు గేజిలో 1 మి.మీ. రేకు ఆ ప్లగ్గులలో నడ్డులేక దూరెను. ప్లగ్గుపై నంకెయు వేఱే. ఖరీదైనది గనుక అన్ని బండ్లకును పనికివచ్చునని యంగడివారి మాట! పుస్తకములోని యంకె గల మూడింటిని తెప్పించి, కొలిచి, బిగించితిమి. కుదుపులు పోయినవి. పది దినములకు వేకువజామున ఆ బండిలోనే పోయితిమి. మనుమరాలు పుట్టినది.

ఇది ఆడువారి పనియా యనువారికి ఒక్క మాట. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అను నామె ఇద్దరు కుమాళ్లతో, భర్త చేసిన కారులో మన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు పోవుచు, పెట్రోలు గొట్టము మూసికొనిపోగా టోపీ పిన్నుతో తానే శుభ్రపఱచినది.

ఇక వేడి యంకె. ప్లగ్గు కొన సుమారు 500 డిగ్రీలకు మించి వేడెక్కిననే మసి కాలిపోవును. 850కి మించినచో రవ్వకు ముందే పెట్రోలు అంటుకొని ఇంజను చెడును. రెంటచింతల యెండలకు "చల్లని ప్లగ్గు" వేయవలెనని మా వైపు కొందఱందురు. ఆ వేడిమి ముందు మన వడగాలి యెంత? పుస్తకము చెప్పినదే వేయుట మేలు. మఱియొక చిక్కున్నది: ఎన్.జి.కె. వారి ప్లగ్గులలో అంకె పెరిగినకొలది ప్లగ్గు చల్లనిది. బాష్ వారివానిలో అంకె పెరిగినకొలది వేడిది. కంపెనీ మార్చునప్పుడు అదే యంకె యడుగరాదు.

ఊడదీసిన ప్లగ్గు కొన లేత గోధుమరంగున నున్నచో అంతయు సవ్యమే. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ వచ్చుచున్నదనియు, నూనె జిడ్డున్నచో ఇంజను లోపలికి నూనె దిగుచున్నదనియు అనుమానింపవలెను. తెల్లబడి పొక్కినచో వేడి మించినది.

ఎడము సరిచేయునప్పుడు వంచవలసినది ప్రక్కమొననే. ఇరిడియము ప్లగ్గులలో నడిమి మొన సూదివలె సన్ననిది, దానిని తాకరాదు. తీగె లొకదాని కొకటి మాఱకుండ ప్లగ్గు లొక్కొక్కటిగా తీసి పెట్టవలెను. మొదట మర చేతితోనే త్రిప్పి, వాషరు ఆనిన పిదప క్రొత్త ప్లగ్గును పానాతో అర చుట్టు మొదలు ముప్పాతిక లోపుగా బిగించిన చాలును.