గీజరు ఆపితే చన్నీళ్ళు!

"నీకేమిటే, ఫారిన్‌లో కాపురం!" అని మా తోటికోడలు అంటే నవ్వి వూరుకున్నాను. ఆ కాపురం సంగతి వెళ్ళి వున్నవాళ్ళకే తెలుస్తుంది మరి!

మావారికి ఒమన్ దేశంలో, మస్కట్‌లో వుద్యోగం వచ్చింది. అబ్బాయిని హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ హాస్టల్లో దింపి, 2022 జూన్‌లో ఇద్దరం బయల్దేరాం. మా పెళ్ళి సర్టిఫికెట్టు మీద మన విదేశాంగ శాఖ ముద్ర పడితేగానీ నాకు వీసా రాలేదు. ఇరవై రెండేళ్ళ కాపురానికి అదీ సాక్ష్యమన్నమాట!

జూన్‌లో మస్కట్ అంటే మన రెంటచింతల ఎండకి సముద్రపు ఉక్క కలుపుకోండి. మొదటిరోజు స్నానానికి పంపు తిప్పితే చెయ్యి చురుక్కుమంది. గీజరు వెయ్యనేలేదు. మిద్దె మీద ట్యాంకు ఎండకి కాగి, చన్నీళ్ళ పంపులోనే వేణ్ణీళ్ళు! రాత్రిపూట బకెట్లకి పట్టిపెట్టుకుని పొద్దున్న పోసుకునేవాళ్ళం.

మూడోరోజు నుంచి మావారు ఆఫీసుకి. ఆయనకి వెళ్ళేసరికి కుర్చీ, పని, పలకరించే నలుగురు మనుషులు సిద్ధంగా వున్నారు. మరి నాకో? మూసిన కిటికీలు, ఏసీ చప్పుడు. మనవూళ్ళో అయితే పాలబ్బాయో, పూలమ్మాయో, పక్కింటి పిన్నిగారో గుమ్మంలోకి వస్తూనే వుంటారు. అక్కడ ఎవరూ తలుపు కొట్టరు. ఒమన్ గడియారం మనకంటే గంటన్నర వెనక. రాత్రి తొమ్మిదింటికి పనులు ముగించుకుని ఫోన్ చేద్దామంటే ఇక్కడ అమ్మ నిద్రపోయి వుండేది.

పదిహేను రోజులకి నాకు మాటలే తగ్గిపోయాయి. "ఇవాళ ఏం చేశావ్?" అని మావారు అడిగితే చెప్పడానికి ఏముంది గనక! ఇద్దరం టీవీ చూస్తూ అన్నం తినేవాళ్ళం. "పోనీ కొన్నాళ్ళు అబ్బాయి దగ్గరికి వెళ్ళి వుంటావా?" అన్నారు ఒక శుక్రవారం. ప్రేమగానే అన్నారు, కానీ నా గుండె కలుక్కుమంది. కలిసి వుండాలనే కదా అంత దూరం వచ్చింది!

ఆ వారంలోనే లిఫ్టులో తెలుగు మాట వినబడింది. పై అంతస్తులో ఒమనీ వాళ్ళింట్లో పనిచేసే అమ్మాయి. అమలాపురం దగ్గర పల్లె. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వచ్చి ఏడేళ్ళయిందట. నా నీళ్ళ బాధ చెబితే పకపకా నవ్వింది. "గీజరు కట్టేసి, వేణ్ణీళ్ళ పంపు తిప్పండమ్మా! గీజరు ఇంట్లోనే వుంటది కదా, అందులో నీళ్ళు చల్లారిపోతాయి. ఎండాకాలం మేమంతా ఇంతేనండి, ఆయ్!" అంది. నిజంగానే చల్లటి నీళ్ళు! గీజరులో వున్నంతవరకే అనుకోండి, ఇద్దరికీ సరిపోయేవి. ఆ సాయంత్రం మావారు అడక్కముందే నేనే మొదలుపెట్టాను, ఇవాళేం జరిగిందో తెలుసా అని.

రువికి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో కూడా ఆ పిల్లే చెప్పింది. మన సరుకులు దొరికే బజారు పేట అది. వెళ్ళేముందు మావారిని మూడు అడిగాను: నా రెసిడెంట్ కార్డు నా పర్సులో వుండాలి, ఇంటి అడ్రసు కాగితం మీద రాసివ్వాలి, కాస్త డబ్బు నా చేతిలో పెట్టాలి. సోనా మసూరి బియ్యం, కరివేపాకు పట్టుకుని నేనొక్కదాన్నే తిరిగొచ్చిన రోజు మావారు ఆశ్చర్యపోయారు!

డబ్బు లెక్క కూడా వేరు. రియాల్‌కి వంద కాదు, వెయ్యి బైసాలు. ఒక్క రియాల్ మన రెండొందల రూపాయల పైమాటే. ప్రతిదీ రూపాయల్లోకి మారిస్తే కొత్తిమీర కట్ట కొనడానికి కూడా చెయ్యి రాదు. జీతంలో వంటింటికి ఇంత అని రియాల్లోనే విడిగా పెట్టుకుంటే మనసు కుదుటపడింది.

పక్క ఫ్లాటు కేరళ ఆవిడకి మన కందిపొడి ఇస్తే, ఆవిడ అవియల్ చేసి పంపింది. వచ్చీరాని హిందీలోనే మా కబుర్లు. ఆవిడతోనే దర్సైత్‌లో కృష్ణుడి గుడికి వెళ్ళాను. అబ్బాయి సెలవులకి ఇండియా వచ్చాను కూడా, రానూపోనూ టిక్కెట్టు తీసుకునే! ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు మత్రా సముద్రం ఒడ్డున నడుస్తాం. ఏ సందులో ఏది దొరుకుతుందో మావారికి చెప్పేది నేనే.

వెళ్ళబోయే చెల్లెళ్ళకి ఒకటి రెండు మాటలు. పచ్చళ్ళూ పొడులూ గట్టిగా ప్యాక్ చేసుకోండి. గసగసాలు మాత్రం గల్ఫ్ వైపు వద్దే వద్దు. ఎమిరేట్స్, సౌదీల్లో అవి మత్తుమందు కింద లెక్క. కుర్మాకి జీడిపప్పు, కొబ్బరి నూరితే చాలు. ఇల్లు సర్దుకోవడం నెమ్మదిగానైనా అవుతుంది. ముందు మీరొక్కరే వెళ్ళి తిరిగి రాగలిగే దారి ఒకటి నేర్చుకోండి, అది కూరగాయల కొట్టుకైనా సరే.