కందనూలు దారిలో కారు అద్దం

కార్తీకంలో కృష్ణలో స్నానం చేసి, బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర దీపం పెట్టుకోవాలని అమ్మ మూడేళ్లుగా అడుగుతోంది. ప్రతి ఏడాదీ నాకు ఆఫీసులో ఏదో ఒక రిలీజ్ అడ్డం పడేది. ఈసారి నాలుగు రోజులు సెలవు దొరికింది. కారు కూడా ఉంది. సెకండ్‌హ్యాండ్‌దే అనుకోండి, కానీ నా జీతంతో కొన్న మొదటి కారు. ‘ముందు బీచుపల్లి, అక్కడ్నుంచి గద్వాలలో చిన్నమ్మ ఇల్లు, తర్వాత వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్‌లో అక్క దగ్గరికి’ అని రూటు కూడా అమ్మే వేసింది.

ఈ మూడూ ఒకప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016 అక్టోబర్ 11న విడివిడి జిల్లాల కేంద్రాలయ్యాయి. మా నోట్లో మాత్రం ఇప్పటికీ అంతా పాలమూరే. నేను వనపర్తిలో డిప్లొమా చదివి, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేసినవాణ్ణి. ఈ రోడ్లన్నీ ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చూసినవే. స్టీరింగ్ పట్టుకుని వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి.

శనగగింజంత మచ్చ

శనివారం పొద్దున్నే బయల్దేరాం. షాద్‌నగర్, జడ్చర్ల దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద కారు జారిపోతున్నట్టే ఉంది. అడ్డాకుల దగ్గర్లో ముందు ఒక కంకర టిప్పర్ పోతోంది. పైన టార్పాలిన్ లేదు. ఓవర్‌టేక్ చేద్దామని దాని తోకకు అంటుకున్నట్టే వెళ్తున్నా. ‘టక్’మని శబ్దం. అమ్మ ఉలిక్కిపడింది. ముందు అద్దం మీద, ఆమె కూర్చున్న వైపు, శనగగింజంత తెల్లటి మచ్చ పడింది. చుట్టూ సాలీడు కాళ్లలా సన్నటి గీతలు.

‘‘ఏమైందిరా?’’

‘‘ఏం కాలేదు లేమ్మా, చిన్న రాయి తగిలింది.’’

ఆఫీసులో స్క్రీన్ మీద ఇంత వార్నింగ్ కనిపిస్తే రాత్రి పదైనా వదలను. సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ‘తిరిగొచ్చాక చూద్దాంలే’ అనేశాను.

తప్పు టిప్పర్‌వాడిదే అని అప్పుడు తిట్టుకున్నా గానీ, సగం నాదే. గంటకు 80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండికీ మనకూ కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలంటారు. అంటే 66 మీటర్లు. ఐదారు ఆర్టీసీ బస్సుల్ని వరసగా నిలబెట్టినంత దూరం. లెక్క చూసుకోవడం తేలికే. ముందు లారీ ఒక స్తంభాన్ని దాటగానే ఒకటి, రెండు, మూడు అని నిదానంగా అనుకోండి. మూడు అనేలోపే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే బాగా దగ్గరగా ఉన్నట్టే. నేను ఒకటి కూడా పూర్తిగా అనలేనంత దగ్గర్లో ఉన్నాను.

కొత్తకోట ప్రాంతానికి వచ్చేసరికి అమ్మ మాటలు ఆపేసింది. ఎందుకో నాకు తెలుసు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు ఏసీ బస్సు ఈ పాలెం దగ్గరే కల్వర్టుకు తగిలి తగలబడిపోయింది. 45 మంది చనిపోయారు. బయటపడినవాళ్లు చాలా తక్కువమంది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఊళ్లో ఎవరింటికి పోయినా ఆ రోజు అదే మాట. ఏసీ బస్సుల కిటికీలు తెరుచుకోవు, అద్దం పగలగొట్టాల్సిందేనని చాలామందికి ఆ రోజే తెలిసింది. కారులోనూ అంతే. చాలా కార్లలో పక్క అద్దాలు టెంపర్డ్ గ్లాస్‌వి. మూలమీద మొనదేలిన సుత్తితో కొడితే బియ్యపు నూకల్లా రాలిపోతాయి. ముందు అద్దం అలా కాదు, ఎంత కొట్టినా పగుళ్లిస్తుందే తప్ప ఊడిరాదు. అందుకే రెండు మూడు వందలకు దొరికే చిన్న సుత్తి డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి. డిక్కీలో ఉంటే లేనట్టే.

‘కండ్లు కనబడ్తలేవా బిడ్డా?’

బీచుపల్లిలో కృష్ణ నిండుగా ఉంది. అమ్మ స్నానం చేసి, దీపం వదిలి, గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. కారుకి కూడా పూజ చేయించింది. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పూలదండ, ముందు అద్దం నడిమధ్యన గంధం, కుంకుమ. కాసేపాగి నేను వైపర్ వేశాను. గంధం కాస్తా రెండు పక్కలా పులుముకుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా పాకింది. నీళ్లు చిమ్ముదామంటే డబ్బా ఖాళీ. కొన్నప్పట్నుంచీ అందులో నీళ్లే పోయలేదు. ‘పర్లేదు, కనబడుతోంది కదా’ అనుకుని బయల్దేరాను.

ఐదు దాటింది. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే దిగి గద్వాల రోడ్డు ఎక్కాం. ఆ రోడ్డు పడమటికి పోతుంది. సాయంత్రం పూట పొద్దు సరిగ్గా ఎదురుగా వాలుతుంది. ఒక మలుపు తిరిగామో లేదో, అద్దమంతా తెల్లటి తెర కట్టేసింది. రోడ్డు లేదు, చెట్లు లేవు, అంతా వెలుగే. స్పీడు అరవైలో ఉంది.

‘‘గొర్లు! గొర్లురా!’’ అని అమ్మ అరిచింది.

బ్రేకు మీద నిలబడ్డాను. కారు కీచుమని ఆగింది. చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని చూస్తే, బానెట్‌కి రెండు పక్కలా గొర్రెలు పారుతున్నాయి. నాలుగు బారల దూరంలో పదేళ్ల పిల్లాడు, చంకలో గొర్రెపిల్లతో బిగుసుకుపోయి నిలబడ్డాడు. వెనకాల గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన నా దగ్గరికి వచ్చి, ‘‘కండ్లు కనబడ్తలేవా బిడ్డా?’’ అన్నాడు.

తిట్టలేదు. నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. గంటకు అరవై అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అమ్మ ఒక్క సెకను ఆలస్యంగా చూసి ఉంటే... ఆ రాత్రి గద్వాలలో చిన్నమ్మ పెట్టిన జొన్నరొట్టె గొంతు దిగలేదు.

చిన్నమ్మ పాత నూలు చీర

భోజనాలయ్యాక టార్చి పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాను. అద్దం బయటివైపు గంధం, దుమ్ము, పురుగుల మరకలు. లోపలివైపు వేలితో గీస్తే గీత పడింది. ఎండకు కాగిన డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి వచ్చే ఆవిరి అద్దం లోపల సన్నటి జిడ్డుపొరలా పేరుకుంటుంది. మామూలప్పుడు అది కంటికి ఆనదు. ఎదురెండ పడ్డప్పుడు, రాత్రి ఎదుటి బండి లైట్లు పడ్డప్పుడు మాత్రం తెరలా మెరుస్తుంది. మనం బయట వంద బకెట్లు పోసి కడుగుతాం గానీ లోపల తుడవం.

చిన్నమ్మ పాత నూలుచీర చింపి రెండు ముక్కలిచ్చింది. ఒకటి తడిది, ఒకటి పొడిది. లోపల తుడిస్తే తెల్లటి గుడ్డ బూడిదరంగుకి వచ్చింది. బయట ఎండిన పురుగుల్ని గీకకుండా తడిగుడ్డ పది నిమిషాలు పరిచి నానబెట్టి తీశాను. వైపర్ రబ్బరు తుడిస్తే నల్లటి మడ్డి. ఎండలో నిలబెట్టే కార్లకు ఆ రబ్బరు ఏడాది లోపే గట్టిపడుతుంది. మా వైపు బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరితే తెల్లమచ్చలు పడతాయి. అందుకే వైపర్ డబ్బాలో ఫిల్టర్ నీళ్లు, అద్దాల కోసం అమ్మే ద్రావణం కలిపి పోశాను. బట్టల సబ్బు పౌడరు వేస్తే అది కూడా పొరే కడుతుంది.

ఇంత చేసినవాణ్ణి మర్నాడే ఇంకో తెలివితక్కువ పని చేశాను.

ఆదివారం గద్వాల కోట చూశాం. లోపల చెన్నకేశవస్వామి గుడి. అమ్మ, చిన్నమ్మ అక్కడ్నుంచి చీరల దుకాణానికి వెళ్లారు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండింటినీ మగ్గం మీదే కలిపి నేసే చీరలు కదా, చేత్తో పట్టుకుంటే వాళ్లకి సమయం తెలియదు. కారు రెండు గంటలు ఎండలోనే ఉంది. తిరిగొచ్చేసరికి అద్దం మీద పిట్ట రెట్ట. చేతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్ల బాటిల్. పోశాను. ‘టిక్’ అంది. శనగగింజంత మచ్చ జానెడు గీతయ్యింది. జూరాల డ్యామ్ మీద నుంచి ఆత్మకూరు వైపు దాటుతుంటే, కింద కృష్ణను చూడాల్సినవాణ్ణి ఆ గీతనే చూస్తూ కూర్చున్నా. ఒక్కో స్పీడ్‌బ్రేకర్‌కి అది వేలెడు చొప్పున పెరిగింది. జూరాల చేపల వేపుడు తినకుండా దాటింది కూడా ఇదే మొదటిసారి.

వనపర్తిలో అసలు పాఠం

నలభై దాటకుండా నడిపి సాయంత్రానికి వనపర్తి చేరాం. మేం చదివిన పాలిటెక్నిక్ అక్కడి రాజావారి ప్యాలెస్‌లో ఉంటుంది. దర్బారు గోడల మధ్య మెషిన్ డ్రాయింగ్ గీశామని చెబితే హైదరాబాద్ మిత్రులు నమ్మరు. నా క్లాస్‌మేట్ ఒకడు అక్కడే కార్ల షెడ్డు పెట్టుకున్నాడు. అద్దం చూసి తల పట్టుకున్నాడు.

‘‘నిన్ననే వస్తే అరగంట పని మామా. రూపాయి బిళ్ల కన్నా చిన్న దెబ్బైతే అందులకు రెజిన్ ఎక్కిచ్చి లైటుతోని గట్టిపరుస్తం. వెంటనే రాలేకపోతే దుమ్ము, నీళ్లు పోకుండ పైన టేపన్నా అంటియ్యాలె. ఇప్పుడు గీత అంచుదాక వచ్చింది. మార్చుడే.’’

ముందు అద్దమంటే గాలికి అడ్డం అని మాత్రమే అనుకునేవాణ్ణి. వాడు చెప్పింది వింటే గుండె జారింది. అది ఒక అద్దం కాదు, రెండు పలకల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన శాండ్‌విచ్. పగిలినా ముక్కలు మీద పడవు. కారు బోల్తా కొడితే పైకప్పు కుంగకుండా కొంత బరువు మోసేది అదే. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు చాలా కార్లలో ఈ అద్దానికే ఆనుకుని నిలబడుతుంది. అద్దం పట్టు సరిగా లేకపోతే ఎయిర్‌బ్యాగ్ ఉండీ లాభం తక్కువ. ఆ సీట్లో కూర్చున్నది మా అమ్మ.

కొత్త అద్దం సోమవారం మధ్యాహ్నానికి వచ్చింది. ఆలోపు అమ్మ శ్రీరంగాపురం వెళ్లి రంగనాయకస్వామిని, రంగసముద్రం చెరువును చూసొచ్చింది. అద్దం బిగించాక ‘రేపు పొద్దున్నే తియ్యి’ అన్నాడు మిత్రుడు. కింద పూసిన జిగురు గట్టిపడాలి. ఆలోపు తలుపులు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి అతుకు కదులుతుంది. అందుకే ఒక కిటికీ వేలెడు దించి ఉంచమన్నాడు, ఒక రోజు కడగొద్దన్నాడు. బీమా సంగతి కూడా వాడే గుర్తుచేశాడు. సమగ్ర పాలసీల్లో గాజు భాగాలకు తరుగుదల కోత ఉండదు. కానీ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు. రెండూ లెక్క చూసుకునే దిగాలి. ఫాస్టాగ్ కూడా పాత అద్దంతోపాటే పోతుంది, కొత్తది తీసుకోవాలి.

పనిలో పనిగా నల్ల ఫిల్మ్ వేయించనా అని అడిగాను. ‘‘ముందు అద్దంల నుంచి 70 శాతం వెలుతురు లోపలికి రావాలె, పక్క అద్దాలల్ల 50 శాతం. రూలది. ఇప్పటిదాక కనబడక చచ్చినవ్, ఇంక నలుపు గావాల్నా?’’ అన్నాడు.

బండికి కందెన

మంగళవారం గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ బయల్దేరాం. వరికోతల కాలం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్లు. కొత్త అద్దంలోంచి ఒక్కో రాయీ విడిగా కనిపిస్తోంది. యాభై దాటలేదు. అయినా ఎక్కడా ఆలస్యమైనట్టు అనిపించలేదు.

సాయంత్రం కేసరి సముద్రం కట్ట మీద బావతో కూర్చున్నాను. ‘రాత్రికే బయల్దేరి శ్రీశైలం చూసి వచ్చేస్తాం’ అంటే ఆయన నవ్వాడు. మన్ననూర్ దగ్గర అటవీశాఖ గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారట. అమ్రాబాద్ పులుల అడవి కదా, జంతువులు రోడ్డు దాటే వేళ. ‘‘జంతువుల కోసమన్నా రాత్రిపూట మనల్ని ఆపేటోళ్లు ఉన్నరు, మంచిదే’’ అన్నాడు బావ. తర్వాత మా అద్దం కథంతా విని, ఈ ఊరికి కందనూలు అని పేరెందుకొచ్చిందో చెప్పాడు. పూర్వం దూరాలు పోయే ఎడ్లబండ్లు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన పూసుకుని సాగేవట. అటు కర్నూలుకీ ఇదే కథ చెబుతారు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు అక్కడ కందెన పెట్టుకునేవని, అందుకే అది కందెనవోలు అయిందని.

కథలో నిజం ఎంతో గానీ, ఆ బండివాళ్ల తెలివి నాకు నచ్చింది. బండి కిర్రుమన్నాక కాదు, ఏరు దాటక ముందే కందెన పూశారు.

బుధవారం పొద్దున హైదరాబాద్ బయల్దేరేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగాను. అద్దం లోపలా బయటా తుడిచాను, నీళ్ల డబ్బా నింపాను. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. చెయ్యి అద్దం దాకా పోయి ఆగింది.

‘‘దీనికి వద్దులే నాయనా. గొర్లు కనబడాలె’’ అని బానెట్ మీద బొట్టు పెట్టింది.