మరగబెడితే సీసం పోదు

ఈరోజు నా తప్పు ఒకటి చెప్పుకుంటా.

నాలుగేళ్ల కిందట పాడైన ట్రాక్టర్ బ్యాటరీని మా బావి గట్టు మీదే పగలగొట్టా. వలకు గుళ్లు పోసుకుందామని సీసం తీసుకుని, లోపలి యాసిడ్, మడ్డి అక్కడే పారబోశా. ఆ బావి నీళ్లే ఇంటిల్లిపాదీ తాగాం.

మనవరాలు ఊరికే కడుపునొప్పి అంటుంటే డాక్టర్ గారు రక్తపరీక్ష రాశారు. సీసం ఉందన్నారు. నీళ్లు ల్యాబ్‌కు పంపితే లీటరుకు 0.04 మిల్లీగ్రాములు తేలింది. దాటకూడని హద్దు 0.01. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. ఎలా తెలుస్తుంది చెప్పండి?

మా ఆవిడ అప్పటిదాకా మరగబెట్టే ఇచ్చేది. మరిగితే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా కరిగిన సీసం ఆగదు. పటికను నమ్ముకుని పిల్లలకు పట్టలేం. ఆర్వో ఫిల్టర్ అయితే తీస్తుంది. పెట్టించాక మళ్లీ పరీక్ష చేయించే తాగుతున్నాం. అందులో మెంబ్రేన్ టైముకు మార్చాలి. ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లలోకే సీసం పోతుంది, వాటిని ఆకుకూర మడికి పెట్టకండి.

నీళ్లు పరీక్షకు ఇచ్చేటప్పుడు సీసం చూడమని నోరు తెరిచి అడగండి. మామూలు పరీక్షలో చాలాచోట్ల అది చూడరు. పాత బ్యాటరీని కొత్తది కొనే షాపులోనే ఇచ్చేయండి, రేటులో తగ్గిస్తారు కూడా.

ఫిల్టర్ నీళ్లలో సీసం తీస్తుంది గానీ పిల్ల ఒంట్లోకి పోయింది తీయదు కదా. మీ బావి దగ్గర పాత బ్యాటరీ ఉంటే ఈరోజే తీసేయండి.