కొళత్తూరు వీధిలో టేకు చేప

చెన్నపట్నంలో ఒక్కో సరుకుకు ఒక్కో పేట. పట్టుచీరలకు టి.నగర్, టోకు సామాన్లకు ప్యారిస్ కార్నర్, కూరలకూ పూలకూ కోయంబేడు. రంగు చేపలకు మాత్రం కొళత్తూరే. నగరానికి ఉత్తరపు దిక్కున, పెరంబూరు, విల్లివాక్కం పక్కన ఉంటుంది. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న చోటుకు కూతవేటు దూరమే అయినా, మనలో చాలామంది ఆ వీధి చూసి ఉండరు.

ఆదివారం పొద్దున వెళ్ళాలి. దుకాణాల ముందు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచులు వరసగా వేలాడుతుంటాయి. ఒక సంచిలో గప్పీలు, ఇంకోదాంట్లో గోల్డ్‌ఫిష్, మరోదాంట్లో నల్లటి మాలీలు. లోపల గాజు తొట్లు నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ళలో సిమెంటు తొట్లు కట్టి చేపపిల్లలను పెంచి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇక్కడినుంచి రంగు చేపలు దేశంలో ఎన్నో ఊళ్ళకు వెళ్తాయి.

నేను ఆ వీధికి వెళ్ళింది మా అక్క పురమాయింపు మీద. మేనల్లుడు ప్లస్ టూ మంచి మార్కులతో గట్టెక్కాడు. ఏం కావాలో కోరుకోమని బావ అన్నాడు. వాడు ‘స్టింగ్ రే’ కావాలన్నాడు. అక్కకు అది చేపో, కారో తెలియలేదు. ముప్పై ఏళ్ళు కట్టడాల లెక్కలు చూసినవాణ్ణి కదా అని, ‘‘వాడి వెంట వెళ్ళి ఎంత తొట్టి కావాలో నువ్వే తేల్చరా’’ అంది.

స్టింగ్ రే అంటే కొత్త వింతేమీ కాదు. కోస్తా జిల్లాలవాళ్ళు టేకు చేప అంటారు, తమిళులు తిరుక్కై అంటారు. కాశిమేడు రేవుకు పొద్దున్నే వెళ్తే గంపల్లో కనబడుతుంది. విసనకర్రలా చదునైన ఒళ్ళు, కొరడా లాంటి తోక, ఆ తోక మీద విషపు ముల్లు. అయితే ఇళ్ళలో పెంచేది ఈ సముద్రపు రకం కాదు. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో, పరానా నదుల్లో పుట్టిన మంచినీటి రకం. దీని పూర్వీకులు కోట్ల ఏళ్ళ కిందట సముద్రం నుంచి నదుల్లోకి వచ్చి అక్కడే స్థిరపడ్డాయి. ఇప్పుడు వీటిని తిరిగి సముద్రంలో వేస్తే బతకలేవు, ఉప్పునీటిని తట్టుకునే గుణం పోయింది. అంగళ్ళలో ఎక్కువగా కనబడేది మోటోరో, గోధుమరంగు ఒంటి మీద నారింజ చుక్కలు. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలుండేది లియోపోల్డి, బ్రెజిల్‌లోని షింగూ నది ప్రాంతంది.

మేము ఎక్కిన దుకాణంలో మూడడుగుల తొట్టిలో మోటోరో పిల్ల ఒకటి ఉంది. కాఫీ సాసరు కన్నా కాస్త పెద్దది. ఇసకలో ఒదిగి పడుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి మమ్మల్నే చూస్తోంది. కళ్ళ వెనక రెండు రంధ్రాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నోరూ మొప్పలూ కింది వైపు ఉంటాయి గనుక, నేలకు అంటుకున్నప్పుడు పైనున్న ఆ రంధ్రాలతోనే నీళ్ళు పీల్చుకుంటుంది. మావాడు గాజుకు ముక్కు ఆనించి కదలడం లేదు.

‘‘ఈ తొట్టి చాలదా అన్నా?’’ అని అడిగాడు.

దుకాణదారు మా మాటలు విని తెలుగులోకి దిగాడు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళట. ‘‘ఇప్పుడు చాలుతుంది తమ్ముడూ. ఇది పెరిగేటప్పటికి తాంబాళమంత అయ్యేది. చేపను చూసి తొట్టి కొనకూడదు, అది ఎంత అవుతుందో చూసి కొనాల’’ అన్నాడు. అమ్ముకునేవాడు ఆ మాట చెప్పడం నాకు నచ్చింది. తొట్టి చిన్నదైతే చేపా చిన్నదిగానే ఉండిపోతుందని కొందరంటారే అని అడిగాను. ‘‘ఉండదు సార్. గిడసబారి, జబ్బుచేసి పోతుంది’’ అన్నాడు.

ఇక లెక్క. మోటోరో ఇంట్లో బాగా పెరిగితే ఒంటి వెడల్పు 18 నుంచి 20 అంగుళాలు అవుతుంది. ఆడది ఇంకా పెద్దదవుతుంది. ఈ చేప మిగతావాటిలా పైకీ కిందికీ తిరగదు, నేలను పట్టుకుని తిరుగుతుంది. కాబట్టి తొట్టి ఎత్తు ముఖ్యం కాదు, నేల విస్తీర్ణం ముఖ్యం. పెంచేవాళ్ళు వాడే మోటు లెక్క ఇది: తొట్టి వెడల్పు చేప వెడల్పుకు కనీసం రెండింతలు, పొడవు నాలుగింతలు. 20 అంగుళాల చేపకు 40 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. తోకకూ, తిరుగుడుకూ కాస్త కలుపుకుంటే నాలుగడుగులు, ఎనిమిదడుగులు. లోతు రెండడుగులు చాలు. పిల్లగా ఉన్నప్పుడు నాలుగడుగుల తొట్టిలో మొదలుపెట్టవచ్చు గాని, పెద్ద తొట్టికి చోటూ డబ్బూ ముందే చూసుకుని ఉండాలి.

ఎనిమిది, నాలుగు, రెండు. గుణిస్తే 64 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 1,800 లీటర్లు. అంటే నీళ్ళ బరువే 1.8 టన్నులు. గాజు, స్టాండు, ఇసక, ఫిల్టరు వేరే.

అక్కావాళ్ళది రెండో అంతస్తులో ఫ్లాటు. మన దేశంలో నివాస గదుల అంతస్తులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున బరువు పడుతుందని లెక్కగట్టి కడతారు. రెండడుగుల లోతు నీళ్ళు నిలిస్తే చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది, మూడింతలు. చిన్న తొట్టిలో మాత్రం నీళ్ళు లోతుగా ఉండవా అని మావాడు అడిగాడు. మంచి ప్రశ్నే. చిన్న తొట్టి మొత్తం బరువు ఇద్దరు ముగ్గురు మనుషులు నిలబడినంత, స్లాబు దాన్ని పక్కలకు పంచుకుంటుంది. ఇక్కడ మూడు చదరపు మీటర్ల మేర, రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి కూర్చునే బరువు. ఇంజనీరు వచ్చి దూలాలు చూడకుండా మేడ మీద పెట్టకూడదు. నేలమీది ఇంట్లోనైతే ఈ చిక్కు లేదు.

తర్వాత నీళ్ళు. ఈ చేప బాగా తింటుంది, రొయ్యలూ వానపాములూ చేపముక్కలూ. తిన్నదానికి తగ్గట్టు నీటిని పాడుచేస్తుంది. అమ్మోనియా, నైట్రైటు ఏమాత్రం ఉన్నా తట్టుకోదు, రాగి కలిసిన మందులు దానికి విషం. పెద్ద ఫిల్టరుతో పాటు వారానికి మూడోవంతు నీళ్ళైనా మార్చాలి. అంటే 600 లీటర్లు. 15 లీటర్ల ప్లాస్టిక్ బిందెలతో 40 బిందెలు. కుళాయి నీళ్ళైతే క్లోరిన్ విరిచి పోయాలి.

నలభై బిందెలు అనగానే నాకు 2019 ఎండాకాలం గుర్తొచ్చింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయాయి. ఆ ఏడు జూలైలో జోలార్‌పేట నుంచి రైలుబండిలో నీళ్ళు తెచ్చి ఇదే విల్లివాక్కంలో దింపారు. అక్క అత్తగారు లారీ దగ్గర బిందెతో వరసలో నిలబడ్డారు. తెలుగు గంగ కాలువలో 1996లో మొదటిసారి కృష్ణ నీళ్ళు ఈ వైపు వచ్చినప్పుడు మనవాళ్ళంతా ఎంత సంబరపడ్డామో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అంత దూరం నుంచి వచ్చిన నీళ్ళు వారానికి నలభై బిందెలు పారబోయగలమా అన్నది లెక్కకు అందని ప్రశ్న. మొక్కలున్న పెరడు ఉంటే ఆ నీళ్ళు వాటికి ఎరువే. ఫ్లాటులో పెరడెక్కడ?

ముల్లు సంగతి కూడా చెప్పాలి. ఇది కావాలని మీదపడే జంతువు కాదు, తొక్కినా పట్టినా తోక విసురుతుంది. నొప్పి భరించలేనిది. గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి, అంటే 45 డిగ్రీలు దాటని వేడినీళ్ళలో ముంచి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. పసిపిల్లలున్న ఇంట్లో తొట్టిలో చేతులు పెట్టే వీలే ఉండకూడదు.

చట్టమూ ఉంది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటీస్ సమావేశం లియోపోల్డితో సహా బ్రెజిల్ నదుల రకాలు ఏడింటి వ్యాపారానికి అనుమతులు ఉండాలని తీర్మానించింది. మన వన్యప్రాణి చట్టాన్ని కూడా అదే ఏడు సవరించి, సైటీస్ పట్టికల్లోని ప్రాణులను దాని పరిధిలోకి తెచ్చారు. కొనేవారు జాతి పేరు రాసిన బిల్లు తీసుకుని, అటవీ శాఖను అడిగి తెలుసుకోవడం మంచిది.

పెంచలేకపోతే చెరువులో వదిలేస్తే సరి అనుకునేవాళ్ళున్నారు. సింగపూరులో అలా వదిలిన మోటోరోలు అప్పర్ సెలెటర్ జలాశయంలో పిల్లలు పెట్టి స్థిరపడ్డాయి. మన చెరువుల్లో వలలు పాడుచేస్తున్న దెయ్యం చేప కూడా ఇళ్ళ తొట్లకోసం వచ్చిందే.

ఆ సాయంత్రం మావాడు సుద్దముక్కతో హాలులో ఎనిమిదడుగులకు నాలుగడుగుల గీత గీశాడు. సోఫా, టీవీ బల్ల, నాయనమ్మ మంచం సగం గీతలోకి వచ్చాయి. ఆవిడ మంచం మీద నుంచే, ‘‘కావాలంటే నేను వరండాలో పడుకుంటాలేరా’’ అంది. వాడు నవ్వలేదు. కాసేపు అక్కడే నిలబడి, తడిగుడ్డ తెచ్చి గీత తుడిచేశాడు.

వారం తర్వాత మూడడుగుల తొట్టి కొన్నాం, 190 లీటర్లది, గోడవారగా పెట్టాం. అందులో కొళత్తూరు చుట్టుపక్కల పుట్టిన గప్పీలూ మాలీలూ ఉన్నాయి. మార్చిన నీళ్ళు బాల్కనీలో తులసికీ కరివేపాకుకీ సరిపోతున్నాయి.

నేలమీద సొంత ఇల్లు, ధారాళమైన నీళ్ళు, పదేళ్ళకు పైగా చూసుకునే ఓపిక ఉన్నవారు టేకు చేపను నిక్షేపంగా పెంచవచ్చు, అందమైన ప్రాణి. కాని దుకాణానికి వెళ్ళేముందు ఇంట్లో ఒక సుద్దగీత గీసి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.