మామయ్యగారి తాటి టెంక

పెరట్లో రెండు మొక్కలు ఒకే ఏడాది పెట్టాం. నేను నర్సరీ నుంచి తెచ్చిన పొట్టి కొబ్బరి నాలుగో ఏటే గెల వేసింది. మామయ్యగారు పాతిన తాటి టెంక తొమ్మిదేళ్లయినా మాను కట్టలేదు. నేలకి ఆనుకుని విసనకర్రల్లాంటి నాలుగు ఆకులు, అంతే!

కారుకి అడ్డం, తీయించేద్దామని ఎన్నిసార్లు అన్నానో. "తాటి ముందు కిందికే పెరుగుతుందమ్మా, తేగ చూళ్లేదూ? కాపుకి పదిహేనేళ్లు దాటొచ్చు. అదీ ఆడచెట్టయితేనే. పూత వస్తేగాని తెలీదు" అనేవారు. మరి ఎవరి కోసం మామయ్యగారూ అంటే నవ్వి ఊరుకునేవారు.

మొన్న ఆయన సంవత్సరీకం అయింది. షెడ్డు కొలతలకి మేస్త్రీ వచ్చాడు.

"ఆ తాటి మొక్కని వదిలేసి కొలవండి" అన్నాను. మావారు నావైపు చూశారు.

షెడ్డు ఇరుకైంది. కారు తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది.