ఏ రాయి గట్టిది?

పిల్లలూ, మీరంతా పలకమీద బలపంతో అక్షరాలు దిద్దినవారే గదా! పలకమీద పడిన ఆ తెల్లని గీత దేనిది? పలకది కాదు, బలపానిది. పలక గట్టిది, బలపం మెత్తనిది. అందుచేత బలపమే అరిగి పొడి రాల్చింది. రాళ్ల కాఠిన్యాన్ని కొలిచే విద్యకు ఓనమాలు ఇవే.

1812లో ఫ్రెడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పది ఖనిజాలు తీసుకుని, ఏది దేన్ని గీస్తుందో చూసి, వాటిని వరసగా మెట్లమీద కూర్చోబెట్టాడు. మొదటి మెట్టు బలపపురాయిలో వుండే టాల్క్. తరవాత 2 జిప్సం, 3 కాల్సైట్, 4 ఫ్లోరైట్, 5 ఎపటైట్, 6 ఆర్థోక్లేజ్, 7 పలుగురాయి, 8 టోపాజ్, 9 కురువిందం, 10 వజ్రం. పైమెట్టుది కిందిదాన్ని గీస్తుంది. కిందిది పైదాన్ని గీయలేదు. ఈ లెక్కన మన గోరు 2కూ 3కూ నడుమ వుంటుంది. రాగి సుమారు 3. చాకుమొనా, కిటికీ గాజూ సుమారు 5½.

నేను గుట్టలవెంట తిరిగేటప్పుడు నా సంచీలో ఒక చాకు ఎప్పుడూ వుంటుంది. తెల్లని కాల్సైటూ, తెల్లని పలుగురాయీ చూడటానికి అక్కచెల్లెళ్లలాగే వుంటాయి. వాటి తగవు తీర్చేది ఈ చాకే. కాల్సైట్‌ను గీస్తే గాడి పడుతుంది. పలుగురాయిని గీస్తే నల్లని గీత కనబడుతుంది గాని, తడివేలితో తుడిస్తే పోతుంది. అది రాతికి తగిలిన గాయం కాదు, చాకు రాల్చిన పొడి! పలకమీద బలపం చేసిన పనే ఇక్కడ చాకు చేసింది.

ఐతే మోస్ మెట్లన్నీ ఒకే ఎత్తు కావు. 9కీ 10కీ తేడా ఒక్క అంకే. కాని వజ్రం కాఠిన్యం కురువిందానికి సుమారు నాలుగింతలు. కెంపూ, నీలమూ కురువిందం జాతివే. ఇంగ్లీషువారు దాన్ని "కోరండం" అంటారు. ఆ మాట మన దక్షిణదేశపు భాషలనుంచి వెళ్లినదే.

ఇంకొక సంగతి. గీత పడకపోవటం వేరు, పగలకపోవటం వేరు. అసలు వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదని కొందరనుకుంటారు. ఆ మాట నమ్మి పరీక్షించేవాడు అసలు వజ్రాన్నే చేతులారా పోగొట్టుకుంటాడు. ఎందుకంటే, వజ్రం కొన్ని వైపుల తేలికగా చీలుతుంది. సుత్తి దాన్ని గీయలేదు గాని, ముక్కలు చేయగలదు.

ఈసారి మీకు వింత రాయి ఏదైనా దొరికితే రంగు చూసి వూరుకోకండి. ముందు గోటితో గీయండి. తరవాత పెద్దవాళ్లచేత చాకుతో గీయించండి. అమ్మ వుంగరంలో రాయిని మాత్రం ముట్టకండి! ఓడిన రాతిమీద పడిన గీత మళ్లీ మాయదు.